బీరువాలో దాచిన మదీరా: పదేళ్ళు దాటాక తీస్తే ఎలా ఉందంటే

మన ఎండలకు తట్టుకునే వైన్ ఏదైనా ఉందా అంటే నేను మదీరా పేరే చెబుతాను. మా బావ ఓడల్లో పనిచేస్తాడు. 2013లో లిస్బన్ మీదుగా వస్తూ బ్లాండీస్ అనే కంపెనీ వాళ్ళ పదేళ్ళ బువాల్, అంటే మదీరాల్లో తియ్యటి రకం ఒకటి, అర లీటరు సీసా తెచ్చాడు. "చిన్నది ఉద్యోగంలో చేరినప్పుడు తీద్దాం, అంతవరకూ నీ దగ్గరుంచు" అని నాకిచ్చాడు. చిన్నదంటే నా మేనకోడలు, అప్పటికింకా బడికెళ్తోంది. అలా ఆ సీసా విజయనగరంలో మా బీరువా అడుగు అరలో, పట్టుచీరల పక్కన చేరింది.

ఫ్రిజ్‌లో పెట్టలేదా అని చాలామంది అడిగారు. అక్కర్లేదు. మామూలు ఎర్ర వైన్ దాచాలంటే పన్నెండు, పద్నాలుగు డిగ్రీల చల్లదనం ఉండాలి. మన మే నెలలు నాలుగైదు చూసిందంటే అది ఇక తాగడానికి పనికిరాదు. మదీరా సంగతి వేరు. పోర్చుగల్‌ వాళ్ళ మదీరా దీవి నుంచి ఈ వైన్ పీపాలు ఓడలెక్కి ఇండియా దాకా వచ్చి తిరిగి వెళ్ళేవి. దారి పొడుగునా ఓడ అడుగున ఉడికిన సరుకు పాడవకపోగా ఇంకా బాగుందని తెలిశాక, ఒడ్డు మీదే కావాలని వేడి తగిలించడం మొదలుపెట్టారు. చవక రకాలను 45-50 డిగ్రీల్లో కనీసం మూడు నెలలు ఉంచుతారు. మంచివాటిని ఎండ వేడి తగిలే అటకల మీద పీపాల్లో ఏళ్ళ తరబడి వదిలేస్తారు. మాది ఈ రెండో రకం. దీనికితోడు ద్రాక్ష సారా కలుపుతారు కాబట్టి ఆల్కహాల్ 19 శాతం. 2014 అక్టోబర్‌లో హుద్‌హుద్ తుఫానుకి కరెంటు పోయి ఫ్రిజ్‌లో ఉన్నవన్నీ పారబోశాం గానీ, దీని గురించి నాకే టెన్షనూ లేదు. ఒకటే జాగ్రత్త: సీసాని నిలబెట్టే ఉంచాలి, పడుకోబెడితే కార్కు పాడవుతుంది.

మేనకోడలికి ఉద్యోగం వచ్చింది. 2024లో పైడితల్లమ్మ పండక్కి అందరూ వచ్చారు. సిరిమాను తిరిగిన మర్నాడు రాత్రి మేడ మీద తీశాం. ముందు ఓ అరగంట ఫ్రిజ్‌లో పెట్టాను, అంతకన్నా చల్లబడితే వాసన తెలియదు. వైన్ గ్లాసులు మా ఇంట్లో లేవు. చిన్నదే టీ గ్లాసుల్లో సమానంగా, పిల్లికి భిక్షం పెట్టినట్టు పోసింది. ముదురు తేనె రంగు, అంచున బంగారు ఛాయ. అమ్మ తాగదు గానీ గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుని, "బెల్లంపాకం మాడిన వాసనేటిరా ఇది?" అంది. నిజంగా అదే వాసన, దాని వెనకాల నారింజ తొక్క, వేయించిన పప్పు. నోట్లో పెట్టగానే తీపి. ఆ తీపి మొహం మొత్తేలోపు పులుపొచ్చి నాలుకని కడిగేస్తుంది. అసలు పనితనమంతా ఆ పులుపుదే. బావ మాట్లాడకుండా గ్లాసు మళ్ళీ ముందుకి జరిపాడు.

పక్కన ఏం పెట్టుకోవాలన్నది అసలు ప్రశ్న. పలాస జీడిపప్పుని నేతిలో వేయించి ఉప్పు చల్లితే దీన్ని మించింది లేదు. అరిసెలతో మాత్రం వద్దు, వాటి తీపి ముందు వైన్ వట్టి పుల్లగా అనిపిస్తుంది. మిరియాల కోడివేపుడూ కుదరలేదు, ఈ ఘాటుకి ఆ కారం తోడై నోరు మండిపోయింది.

ఒక విషయం ముందే చెప్పాలి. సీసా మీదున్న పదేళ్ళు పీపాలో గడిపినవి. ఆ తర్వాత బీరువాలో ఇంకో పదేళ్ళు దాచినంత మాత్రాన రుచి రెట్టింపు కాదు. పాడవకుండా ఉంటుంది, అంతే. మంచిరోజు కోసం దాచే సీసాకి నాకైతే అదే చాలు.

తీశాక కూడా తొందర లేదు. మామూలు వైన్‌లా రెండు మూడు రోజుల్లో ఖాళీ చేయాలన్న గొడవ ఉండదు. పండక్కి సెలవు దొరకని తమ్ముడు సంక్రాంతికి హైదరాబాద్ నుంచి వచ్చాడు. వాడి కోసం మూతపెట్టి ఉంచిన దాంట్లో వాసన ఒక పిసరు తగ్గిందేమో, రుచి మాత్రం అలాగే ఉంది. "నా వాటా ఇంతేనా?" అని దెబ్బలాడాడు కూడా.

మన జిల్లా షాపుల్లో ఇది నేనెక్కడా చూడలేదు, బయటి నుంచి వచ్చేవాళ్ళని అడగాల్సిందే. ఈసారి సెర్సియల్ తెమ్మని బావకి చెప్పాను, మదీరాల్లో తీపి బాగా తక్కువ రకం అది. చింతపల్లి రేవు వంజరం తెచ్చి, కారం తగ్గించి వేయించి, దాంతో చూడాలి.