రంగునీళ్ల బ్యాక్టీరియా ట్యాంకు: మూడేళ్లు వాడాక

చౌటుప్పల్, పుట్టపాక, గట్టుప్పల్ వైపు అద్దకం పని చేసేవాళ్లు కనబడినప్పుడల్లా ఒకటే అడుగుతున్నారు, అద్దకంలో మిగిలిన రంగునీళ్లని బాగుచేసే ఆ బ్యాక్టీరియా ట్యాంకు నిజంగా పనిచేస్తుందా, డబ్బులు దండగా అని. మేం పెట్టించి మూడేళ్లు దాటింది. పనిచేస్తుంది. కానీ బ్యాక్టీరియా పౌడరు వేస్తే చాలు, నీళ్లు బాగైపోతాయి అని అమ్మేవాళ్లు చెప్పేది సగం మాటే. మిగతా సగం తెలియకుండా మాత్రం కొనకండి.

మాది ఇంటి దగ్గరే నడిచే చిన్న యూనిట్. పట్టుకి యాసిడ్ రంగులు, నూలుకి రియాక్టివ్ రంగులు వాడతాం. ఇక్కత్ పని మీకు తెలిసిందే, కట్టి ఒక రంగులో ముంచాలి, విప్పి మళ్లీ కట్టి ఇంకో రంగులో ముంచాలి, ప్రతిసారీ కడుగుడే కడుగుడు. రియాక్టివ్ రంగు వేసినంతా నూలుకి పట్టదు, చాలా భాగం నీళ్లలోనే మిగులుతుంది, దానికి ఉప్పు, సోడా తోడు. ఇదివరకు అదంతా మోరీలోంచి కుంట దాకా పోయేది. ఫ్లోరైడ్ నీళ్లతో తరాల తరబడి నడుములు వంగిపోయిన జిల్లా మనది, ఉన్న కాస్త నీటిని కూడా మన చేతులతో మనమే పాడు చేయడం మనసుకి ఒప్పలేదు, అందుకే పెట్టించాం.

ఇప్పుడు అసలు సంగతి. మనం వాడే రంగుల్లో ఎక్కువ భాగం అజో రంగులు. వాటిలో రెండు నైట్రోజన్ పరమాణువుల మధ్య ఉండే బంధం వల్లే ఆ రంగు కంటికి కనబడుతుంది. గాలి తగలని ట్యాంకులో బ్యాసిల్లస్, సూడోమోనాస్ లాంటి బ్యాక్టీరియా ఆ బంధాన్ని తెంచేస్తాయి, రంగు పోతుంది. అయితే తెగిన ముక్కలు నీళ్లలోనే ఉంటాయి. వాటిని ఆరోమాటిక్ అమైన్లు అంటారు, చాలావాటికి రంగుండదు గానీ కొన్ని అసలు రంగు కంటే ప్రమాదం. 1990ల్లో మన దేశంలో 112 అజో రంగుల్ని నిషేధించింది కూడా వాటి నుంచి క్యాన్సర్ తెచ్చే అమైన్లు వస్తాయనే. ఈ అమైన్లని తినే బ్యాక్టీరియా వేరు, వాటికి గాలి కావాలి. కాబట్టి ముందు మూత ఉన్న ట్యాంకు, తర్వాత గాలి పంపుతో నడిచే ట్యాంకు, రెండూ ఉండాల్సిందే.

మాకు అమ్మినాయన ఒక్క ట్యాంకు చాలన్నాడు. "నీళ్లు తెల్లగా వస్తున్నయి కదా అన్నా, ఇంకేం గావాలె" అన్నాడు. ఆ తెల్లనీళ్లని ఒక గాజుగ్లాసులో పట్టి కిటికీ దగ్గర పెట్టి చూడండి. పట్టినప్పుడు దాదాపు రంగు ఉండదు, కాసేపటికి పైనుంచి లేత గోధుమరంగు మెల్లగా కిందికి దిగుతుంది. గాలి తగిలి అమైన్లు మారుతున్న గుర్తు అది. మా రెండో ట్యాంకు దాటి వచ్చిన నీళ్లు మర్నాటికి కూడా రంగు తిరగవు. రంగు తిరగనంత మాత్రాన అమైన్లు పూర్తిగా పోయాయని కాదు, అది తేలాల్సింది ల్యాబ్ పరీక్షలోనే, కానీ రోజూ చూసుకోవడానికి ఈ గ్లాసు చాలు.

పౌడరు నెలనెలా కొనాలంటారు, అవసరం లేదు. ట్యాంకు ఒకసారి కుదురుకున్నాక అడుగున ఉన్న బురదే పెరుగుకి తోడులాగా పనికొస్తుంది, ట్యాంకు కడిగినా కొంత బురద ఉంచేస్తే సరిపోతుంది. బ్యాక్టీరియాకి తిండి మాత్రం తప్పదు, ఎందుకంటే అది రంగుని తిని బతకదు. మేం గంజి పోస్తాం, లేని రోజు బెల్లం నీళ్లు. దసరాకి పని ఆపినప్పుడు కూడా కొంచెం పోస్తూనే ఉంటాం. నూలు నీళ్లలో సోడా ఉంటుంది, పట్టు నీళ్లలో ఎసిటిక్ యాసిడ్ ఉంటుంది, రెండూ ఒకే తొట్టిలో కలిపితే చాలావరకు ఒకదాన్నొకటి విరిచేసుకుంటాయి. నీళ్లలో యాసిడ్ ఎక్కువుందా సోడా ఎక్కువుందా చూపించే పీహెచ్ పేపరు ఏడు, ఎనిమిది చూపించాకే ట్యాంకులోకి వదలాలి. మరిగిన నీళ్లు చెయ్యి పెట్టగలిగేంత చల్లారాలి. బ్లీచింగ్ పౌడరు నీళ్లు మాత్రం ఎట్టి పరిస్థితిలో కలవకూడదు, ఉన్న బ్యాక్టీరియా మొత్తం చస్తుంది. చలికాలంలో పని మందగిస్తుంది, నీళ్లని ఇంకో రోజు ఎక్కువ నిలపాలి. ఎండాకాలంలో ఏ బాధా లేదు.

వాసన సంగతి ఎవరూ చెప్పరు. అద్దకంలో ఉప్పు బదులు వేసే గ్లాబర్ సాల్ట్ (సోడియం సల్ఫేట్) ఎక్కువ వాడితే మూత ట్యాంకులో కుళ్లిన గుడ్ల వాసన వస్తుంది, పక్కింటివాళ్లతో గొడవ ఖాయం. నూలుకి మామూలు ఉప్పుకి మారాక మాకు బాగా తగ్గింది. ఆ వాసన తెచ్చే వాయువు ప్రాణాలు తీస్తుంది, మూత తీసి లోపలికి తల పెట్టకండి, కడగడానికి మనిషిని దించకండి. మేం పైనుంచి పంపుతోనే లాగుతాం.

ఇది చేయలేనివి కూడా ఉన్నాయి. నెమలి నీలం అజో రంగు కాదు, అందులో రాగి ఉంటుంది, మా ట్యాంకులో అది సరిగ్గా పోనే లేదు, ఇప్పుడు ఆ నీళ్లు వేరే డ్రమ్ములో ఉంచుతున్నాం. ఉప్పుని బ్యాక్టీరియా ముట్టుకోదు, నీళ్లలో కరిగిన ఉప్పుల్ని కొలిచే టీడీఎస్ మీటరు లోపలికి వెళ్లేటప్పుడు ఎంతో బయటికొచ్చేటప్పుడూ ఇంచుమించు అంతే చూపిస్తుంది. అందుకే ఈ నీళ్లు వరి మడికి పెట్టొద్దు, బోరు పక్కన ఇంకనివ్వొద్దు. మేం నేల కడగడానికి వాడి, మిగిలింది ప్లాస్టిక్ షీటు పరిచిన తొట్టిలో ఎండబెడతాం.

కొనేముందు రెండు సీసాల్లో మీ రంగునీళ్లే నిండా పోసి, రెండింట్లోనూ గంజి కలిపి, ఒకదాంట్లో మాత్రం వాళ్ల పౌడరు వేసి, గట్టిగా మూత బిగించి రెండు రోజులు ఉంచండి. పౌడరు వేసిన సీసాలో నీళ్లు తేటపడితే అడుగున ఉన్నదాన్ని తెల్లగుడ్డ మీద వడగట్టండి. గుడ్డ మీద ముద్ద రంగురంగుగా ఉందంటే రంగు విరగలేదు, ముద్దకి అంటుకుందంతే. అలాంటి పౌడరు వద్దు.

ఒక్క ఇంటికి ఈ ఖర్చు, ఈ చాకిరీ బరువే. నలుగురైదుగురు అద్దకంవాళ్లు కలిసి ఒకటి కట్టుకుంటే నయం, అప్పుడు గంజి పోయడానికీ పీహెచ్ పేపరు చూడటానికీ రోజూ ఎవరో ఒకరుంటారు. బురద ఎరువు కాదు, కొన్ని రంగుల నుంచి క్రోమియం, రాగి అందులో చేరతాయి. మేం ఎండబెట్టి సంచుల్లో కట్టి, వాన తగలకుండా ఉంచుతున్నాం. ప్రమాదకర వ్యర్థాల కేంద్రం దుండిగల్‌లో ఉంది, ఒక్కరి సంచుల కోసం బండి రాదు, పది ఇళ్లవి జమైతే పంపొచ్చు. మా చుట్టుపక్కల ఎవరైనా కలుస్తామంటే మా సంచులు సిద్ధంగా ఉన్నాయి.