చిత్రం తర్వాత చిత్రం, ఊహకందని హాస్యం: చార్లీ బవర్స్ బ్లూ-రే సంపుటి

మూకీల హాస్యమంటే చాప్లిన్, కీటన్, లాయిడ్‌ల దగ్గరే ఆగిపోయినవారికి, ఫ్లికర్ ఆలీ సంస్థ 2019లో విడుదల చేసిన ‘ది ఎక్స్‌ట్రార్డినరీ వరల్డ్ ఆఫ్ చార్లీ బవర్స్’ బ్లూ-రే సంపుటిని మనస్ఫూర్తిగా సిఫారసు చేస్తున్నాను. ఆ ముగ్గురి చిత్రాలు ఎంత గొప్పవైనా, వాటిలోని ప్రసిద్ధ ఘట్టాలను మనం చూడకముందే ఎవరో ఒకరు వర్ణించి చెప్పి ఉంటారు. అమెరికన్ మూకీ హాస్యనటుడు, దర్శకుడు బవర్స్ చిత్రాల్లో మాత్రం మరుక్షణం ఏం జరుగుతుందో ఊహించడానికి ఏ ఆధారమూ దొరకదు. మరుగున పడిన చిత్రాలను వెతుక్కుని చూడడంలోని అసలు సంతోషం నాకు అక్కడే కనిపించింది.

1926 నాటి ‘నౌ యు టెల్ వన్’లో, అబద్ధాలు చెప్పడంలో పోటీపడే పెద్దమనుషుల ముందు బవర్స్ తన కథ విప్పుతాడు. దేనికి దేన్నైనా అంటుకట్టగల మందు కనిపెట్టి, ఎలుకల బెడద ఉన్న ఇంట్లో మొక్కకు పిల్లులను కాయించానంటాడు. ఆ పిల్లులను ఎదిరించడానికి ఒక ఎలుక తుపాకి పడుతుంది. అదే ఏడాది వచ్చిన ‘ఎగ్డ్ ఆన్’లో, కారు ఇంజను వేడికి పొదిగిన గుడ్లలోంచి చిట్టి కార్లు పుట్టి తల్లి కారును చేరుకుంటాయి. అంతకుముందు మట్ అండ్ జెఫ్ అనే హాస్య జంట మీద కార్టూన్ చిత్రాలు తీసిన అనుభవం ఉన్న బవర్స్, బొమ్మలను ఫ్రేము ఫ్రేముకూ రవ్వంత కదిలిస్తూ చిత్రీకరించి, ఆ దృశ్యాలను సజీవ నటుల మధ్య అతుకు తెలియకుండా కలిపాడు. ఆ చిట్టి కార్ల కదలికలో పిల్లజంతువుల తడబాటు కూడా ఉంది. అంత ఓపిక చూసి నాకు నవ్వుతోపాటు గౌరవమూ కలిగింది.

నటుడిగా ఆయన సామాన్యుడే. ప్రేమకథలు పేరుకు మాత్రమే ఉంటాయి, పిచ్చి ఆవిష్కర్త పాత్ర పదేపదే వస్తుంది. కాబట్టి ఒక పూటకు రెండు చిత్రాలకు మించి చూడకపోవడం మంచిది.

ఫ్రాన్సులో ఆయన్ని ‘బ్రికోలో’ అనేవారు. ఆ పేరుతో ఉన్న రీళ్లు 1960లలో తులూజ్ నగరంలోని సినిమా భాండాగారం ‘సినమాతెక్’కు చెందిన రేమండ్ బోర్డ్ కంటపడకపోయి ఉంటే ఈ సంపుటే ఉండేది కాదేమో. లాబ్‌స్టర్ ఫిల్మ్స్ పునరుద్ధరించినా గీతలు అక్కడక్కడా మిగిలాయి; నన్నవి ఇబ్బంది పెట్టలేదు.

కొనేవారు మొదట ‘మెనీ ఎ స్లిప్’ చూడాలని నా కోరిక. అరటితొక్క మీద జారిపడడం ఈ హాస్యానికి ఆది నుంచీ ఉన్న ముడిసరుకు. బవర్స్ ఆ తొక్కను సూక్ష్మదర్శిని కింద పెట్టి, జారుడుకు కారణమైన క్రిమిని వెతికి పట్టుకుంటాడు.