అన్నపూర్ణ బేస్ క్యాంప్ నడక: ఎనిమిది రాత్రుల బసలు

గత అక్టోబరులో నేను, మా బావమరిది, ఇంజనీరింగ్ చదువుతున్న అతని కూతురు కలిసి నేపాల్‌లోని అన్నపూర్ణ బేస్ క్యాంప్‌కు నడిచి వెళ్ళి వచ్చాము. 4,130 మీటర్ల ఎత్తున ఉన్న ఆ చోటికి చేరడానికి పర్వతారోహణలో శిక్షణ అక్కరలేదు. దారి పొడవునా రాతిమెట్లు, వేలాడే వంతెనలు, రెండు మూడు గంటలకొక బస ఉన్నాయి. అందువల్లనే చాలామంది దీన్ని తేలికగా తీసుకుంటారు. పొఖరాలో మాకు ప్యాకేజీ అమ్మిన సంస్థ కూడా అలాగే తీసుకుంది. ఈ నడకలో మంచీ చెడూ అంతా రాత్రి ఏ ఎత్తులో, ఎలాంటి గదిలో పడుకున్నామన్న దాని మీదే ఆధారపడి ఉంటుందని నాకు స్వయంగా తెలిసివచ్చింది కనుక, కొండల అందం కంటే బసల గురించే ఎక్కువగా రాస్తున్నాను.

సికింద్రాబాద్ నుంచి గోరఖ్‌పూర్ దాకా రైల్లో, అక్కడి నుంచి సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని సునౌలీ సరిహద్దు వరకు బస్సులో వెళ్ళి, గేటు నడిచి దాటి, అవతల భైరహవాలో పొఖరా బస్సెక్కాము. భారతీయులకు నేపాల్‌కు వీసా అవసరం లేదు. అయితే విమానంలో వెళ్ళేవారు పాస్‌పోర్టు గానీ ఓటరు గుర్తింపు కార్డు గానీ వెంట ఉంచుకోవాలి, 15 నుంచి 65 ఏళ్ళ మధ్యవారికి ఆధార్ కార్డు అక్కడ పనికిరాదు. పాల్పా కొండల మీదుగా సాగే ఆ ఘాట్ రోడ్డు ప్రయాణానికి ఒక పగలంతా పట్టింది; కడుపులో తిప్పే స్వభావం ఉన్నవారు ముందు సీట్లు అడిగి తీసుకోవడం మంచిది. మన రూపాయికి నేపాలీ రూపాయి 1.60 అన్న లెక్క స్థిరంగా ఉంటుంది. మన వంద రూపాయల నోట్లకు మాకెక్కడా ఇబ్బంది రాలేదు గానీ, నడకదారిలోని ఛోమ్‌రోంగ్ ఊరు దాటాక నగదు దొరికే దారి లేదు కనుక నేపాలీ నోట్లు పొఖరాలోనే మార్చుకుని పెట్టుకోవాలి.

పొఖరాలో ఫేవా చెరువు ఒడ్డున ఉన్న లేక్‌సైడ్ ప్రాంతంలో దిగడం అన్నివిధాలా అనుకూలం. నడకకు కావలసిన సామాన్ల దుకాణాలన్నీ ఆ ఒక్క వీధిలోనే ఉంటాయి. నిద్రసంచులు, ఈకలు నింపిన చలికోట్లు, చేతికర్రలు అక్కడ రోజుకింత అని అద్దెకిస్తారు. వాటి కోసం ఇంటి నుంచి మోసుకెళ్ళడం అనవసరం. బూట్లు మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ అద్దెకు తీసుకోవద్దు, కొత్తవి కొని నేరుగా కొండ మీదికి తొడుక్కుపోనూ వద్దు; కనీసం నెల రోజులు ఇంటి దగ్గర నడిచి మెత్తబడ్డ జత ఉండాలి. అన్నపూర్ణ సంరక్షణ ప్రాంతంలో అడుగుపెట్టడానికి అనుమతి పత్రం తప్పనిసరి. సార్క్ దేశాలవారికి మేము వెళ్ళినప్పుడు 1,000 నేపాలీ రూపాయలు పడింది, ఇతర విదేశీయులకు ఇది మూడింతలు.

ఇక ఆ ప్యాకేజీ సంగతి. పేరు రాయదలచుకోలేదు గానీ, ఆ సంస్థ మాకు ఐదు రాత్రుల ప్రణాళిక చేతిలో పెట్టింది. దాని ప్రకారం మూడో రాత్రి 3,230 మీటర్ల దేవ్‌రాలిలో పడుకుని, నాలుగో రాత్రికే 4,130 మీటర్ల బేస్ క్యాంప్‌లో ఉండాలి. అంటే ఒక్క రోజులో పడక 900 మీటర్లు పైకి జరుగుతుంది. ఎత్తు వల్ల వచ్చే జబ్బు రాకుండా ఉండాలంటే, 3,000 మీటర్లు దాటిన తరువాత రాత్రి రాత్రికీ పడుకునే ఎత్తు 500 మీటర్లకు మించి పెంచకూడదని వైద్యులు చెబుతారు. పైగా ముగ్గురి సామానుకూ ఒకే కూలీని కుదిర్చారు. ఘాంద్రుక్ దగ్గర జీపు దిగి, అతను మూడు సంచులనూ తాడుతో కట్టి, నామ్లో అనే వెడల్పాటి పట్టీని నుదుటికి తగిలించుకుని లేచి నిలబడినప్పుడు అతని మెడనరాలు తాళ్ళలా ఉబ్బాయి. పట్టీ ఒత్తిన చోట నుదుటి మీద చర్మం ఏనాటి నుంచో కాయకట్టి నున్నగా మెరుస్తోంది. ఇరవై ఏళ్ళు కూడా నిండని కుర్రవాడు. మా బావమరిది వెంటనే తన సంచి విప్పించి భుజానికి వేసుకున్నాడు. మరునాడు ఛోమ్‌రోంగ్‌లో మా సొంత ఖర్చుతో రెండో మనిషిని పెట్టుకున్నాము. ఇద్దరు యాత్రికులకు ఒక కూలీ, మొత్తం బరువు ఇరవై కిలోలు దాటకుండా అన్న ఒప్పందాన్ని డబ్బు కట్టే ముందే కాగితం మీద రాయించుకోవాలని వెళ్ళబోయేవారిని మరీ మరీ కోరుతున్నాను. ప్రణాళికనూ మేమే మార్చి ఎనిమిది రాత్రులు చేసుకున్నాము. అదనపు రోజులకు అదనంగా చెల్లించాము. అందుకు చింత లేదు.

మొదటి రాత్రి ఘాంద్రుక్. దాదాపు 2,000 మీటర్ల ఎత్తున, పలకరాళ్ళ కప్పులతో ఉన్న ఈ గురుంగుల ఊరిలో ఒక పూట అదనంగా ఉన్నా తప్పులేదు. గూర్ఖా పటాలాల్లో చేరే సంప్రదాయం ఇక్కడ తరాలుగా ఉంది. మా బస యజమాని భారత సైన్యంలో హవల్దారుగా చేసి విరమించిన పెద్దాయన. మేము హైదరాబాదు వైపు నుంచి వచ్చామని తెలియగానే, సికింద్రాబాద్ కంటోన్మెంటులో తాను గడిపిన రెండేళ్ళ గురించి హిందీలో చెప్పుకొచ్చాడు. ఆ రాత్రి వంటింట్లో ఆయన భార్య ఇనుప పాత్రలో మరిగే నీళ్ళలో పిండి పోస్తూ కర్రతెడ్డుతో బలంగా తిప్పుతుంటే నాకు మా అనంతపురం ఇల్లే కళ్ళముందు కనిపించింది. వాళ్ళు దాన్ని ఢిడో అంటారు. పిండి కోదోది అన్నప్పుడు మన అరికలేమో అనుకున్నాను. తీరా గింజ చూస్తే రాగులు. నేపాలీలో రాగులనే కోదో అంటారట. ముద్దను వేళ్ళతో తుంచి గుండ్రుక్ రసంలో ముంచి మింగడం నాకెవరూ నేర్పనక్కరలేకపోయింది. గుండ్రుక్ అంటే ఆకుకూరను పులియబెట్టి ఎండబెట్టినది. దాని పులుపు గోంగూర పులుపు కాదు గానీ, సంగటికి జోడీగా ఏమాత్రం తీసిపోదు. గదులు చిన్నవైనా పొడిగా, శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్ళ స్నానం దొరికింది. మొత్తం దారిలో నాకు అన్నిటికంటే నచ్చిన బస ఇదే.

రెండో రాత్రి ఛోమ్‌రోంగ్. ఈ ఊరి నుంచి నది వరకు దిగి మళ్ళీ సినువాకు ఎక్కే మెట్లే ఈ నడకలో మోకాళ్ళకు అసలు పరీక్ష. తిరుమల కాలినడక అలవాటున్నవారికి సైతం, ఎక్కిందంతా దిగి, దిగిందంతా మళ్ళీ ఎక్కవలసిరావడం విసుగు పుట్టిస్తుంది. ఇక్కడి నుంచి పైకి కొన్ని కట్టుబాట్లు మొదలవుతాయి: ఆ లోయను దేవతల చోటుగా భావిస్తారు కనుక మాంసం తీసుకెళ్ళకూడదు, వండకూడదు; అడవిని కాపాడటానికి వంటకు కట్టెలు వాడకూడదు; ప్లాస్టిక్ సీసాల్లో నీళ్ళు అమ్మరు. బసల్లో శుద్ధిచేసిన నీళ్ళు లీటరు లెక్కన పోస్తారు. మేము మాత్రం వడపోత సీసా, క్లోరిన్ బిళ్ళలు తీసుకెళ్ళి ఆ ఖర్చు చాలావరకు తప్పించుకున్నాము.

మూడో రాత్రికి చాలామంది బాంబూలో ఆగుతారు. పేరుకు తగ్గట్టే వెదురు అడవి, లోయ ఇరుకు, ఎండ తొందరగా పోతుంది. తిరుగుదారిలో మేము అక్కడ పడుకున్నప్పుడు దుప్పట్లు చెమ్మగా ఉండి రాత్రంతా ముక్కు కారింది. ఓ గంట ఎక్కువ నడిచి 2,600 మీటర్ల దోవాన్ చేరితే గదులు కొంత పొడిగా ఉంటాయి, మరునాటి నడకా తగ్గుతుంది. దోవాన్, బాంబూలలో ఏది మేలంటే నేను సందేహం లేకుండా దోవాన్ అంటాను. అక్టోబరులో ఈ బసలు మధ్యాహ్నానికే నిండిపోతాయి. గైడు ముందురోజే ఫోన్ చేసి గది పట్టకపోతే భోజనశాలలో బల్లల మీద పడుకోవలసి వస్తుంది, అలా పడుకున్నవారిని మేము చూశాము.

దోవాన్ నుంచి దేవ్‌రాలి వెళ్ళే దారిలో హింకూ గుహ దాటాక మంచుచరియలు జారే కాలువలు అడ్డం వస్తాయి. 2020 జనవరిలో దేవ్‌రాలి దగ్గర మంచు విరిగిపడి నలుగురు కొరియన్లు, ముగ్గురు నేపాలీలు చనిపోయారు. అక్టోబరులో అక్కడ మంచు లేకపోయినా, మా గైడు ఆ బారెడు దూరంలో ఫోటోలకు ఆగనివ్వలేదు. శీతాకాలం చివర, వసంతంలో వెళ్ళేవారు ఆ భాగాన్ని తెల్లవారుజామునే దాటడం, ముందు బసలో దారి సంగతి అడిగి కదలడం అత్యవసరం.

దేవ్‌రాలిలో ఆ సాయంత్రం మా బావమరిది అమ్మాయి పళ్ళెం పక్కకు జరిపేసింది. "మామయ్యా, తల పగిలిపోతోంది, అన్నం చూస్తేనే వికారంగా ఉంది" అంది. గైడు ఆమె ఎదుట కూర్చుని, ఎంత నీళ్ళు తాగిందో, మూత్రం ఎన్నిసార్లు వెళ్ళిందో, నడుస్తుంటే తూలుతోందా అని ఒక్కొక్కటే అడిగాడు. గదిలో గీతగీసినట్టు పాదం వెనుక పాదం వేసి నడిపించి చూశాడు. "నడక సరిగానే ఉంది బహినీ (చెల్లీ), కానీ తలనొప్పి తగ్గేదాకా ఒక్క అడుగు కూడా పైకి లేదు, పెరిగితే రాత్రే కిందికి దిగిపోదాం" అన్నాడు. మా బావమరిది నా వైపు చూసి, "బావా, ఆ కొండ ఎక్కడికీ పోదు, పిల్ల బాగుంటే చాలు" అన్నాడు. ఇంటి దగ్గర డాక్టరును అడిగి తెచ్చుకున్న, ఎత్తు జబ్బుకు వాడే డయామాక్స్ బిళ్ళ వేసి, వెల్లుల్లి సూపు తాగించి పడుకోబెట్టాము. తెల్లవారేసరికి తలనొప్పి పోయింది, ఆకలేసింది. అయినా పదకొండింటి వరకు ఆగి, అప్పుడు కదిలాము. సంస్థ ఇచ్చిన ప్రణాళికలో అలా ఆగడానికి అసలు వీలే లేదు.

ఐదో రాత్రి 3,700 మీటర్ల మచ్ఛాపుచ్ఛ్రే బేస్ క్యాంప్‌లో గడిపాము. దేవ్‌రాలి నుంచి ఇది 470 మీటర్లు, ఇక్కడి నుంచి అన్నపూర్ణ బేస్ క్యాంప్ మరో 430 మీటర్లు. ఎత్తు దాదాపు సమానంగా రెండు పాళ్ళుగా పంచుకున్నట్టయింది. చాలామంది దీన్ని టీ తాగే మజిలీగానే చూసి దాటిపోతారు. నా అభిప్రాయంలో ఈ దారిలో అన్నిటికంటే విలువైన రాత్రి ఇదే. పేరు బేస్ క్యాంపే అయినా ఇక్కడి నుంచి మచ్ఛాపుచ్ఛ్రే శిఖరం ఎక్కేవారు లేరు. చేపతోక ఆకారంలో ఉన్న 6,993 మీటర్ల ఆ కొండ శివుడి నివాసమని స్థానికుల నమ్మకం. 1957లో ఒక బ్రిటిష్ బృందం శిఖరానికి చాలా దగ్గరదాకా వెళ్ళి, కొన అంటకుండా తిరిగివచ్చింది. ఆ తరువాత దానిపై ఆరోహణకు అనుమతి ఇవ్వడం లేదు.

మరునాడు ఉదయం రెండు గంటలు మెల్లగా నడిచి, మబ్బులు లేవకముందే పైకి చేరాము. ఈ లోయలో మధ్యాహ్నానికల్లా కింది నుంచి పొగమంచు కమ్ముకువస్తుంది కాబట్టి, సాయంత్రం చేరి ఉదయమే దిగిపోయేవారికి ఒక్క సూర్యోదయమే దక్కుతుంది, అది కూడా అదృష్టం బాగుంటేనే. మాకు రెండు ఉదయాలు దక్కాయి. తెల్లవారుతుండగా తూర్పున చేపతోక ఇంకా నల్లగా ఉండగానే, పడమట 8,091 మీటర్ల అన్నపూర్ణ కొనకు ఎండ తగిలి, ఆ వెలుగు అంగుళం అంగుళం కిందికి జారింది. అక్కడ ఎవరూ మాట్లాడలేదు. 1950 జూన్ 3న ఫ్రెంచ్ పర్వతారోహకులు మోరిస్ ఎర్జోగ్, లూయీ లాషెనాల్ ఎక్కిన శిఖరం అది. 8,000 మీటర్లు దాటిన కొండల్లో మనిషి అడుగుపెట్టిన మొదటిది. బసల వెనుక, హిమానీనదం మీదికి విరిగిపడుతున్న మట్టిగట్టు దగ్గర, 1997లో ఇదే కొండపై మంచుచరియలు విరిగిపడి చనిపోయిన పర్వతారోహకుడు అనాతోలీ బుక్రేయెవ్ స్మారకం ఉంది. ఆ గట్టు అంచు గుల్ల, ఫోటో కోసం ముందుకు వెళ్ళకూడదు.

పైన గదుల విషయంలో ఆశలు పెట్టుకోవద్దు. నాలుగు మంచాల గదిలో తెలియనివారితో సర్దుకున్నాము; చెక్కగోడల సందుల్లోంచి గాలి కొట్టింది; ఉదయానికి మరుగుదొడ్డి డ్రమ్ములో నీళ్ళ మీద మంచుపొర కట్టింది. వేడినీళ్ళకు, ఫోను చార్జింగుకు, వైఫైకి వేరువేరుగా డబ్బు తీసుకుంటారు. గది అద్దె తక్కువే, కానీ భోజనం అక్కడే చేయాలన్నది నియమం. ఎక్కేకొద్దీ ధర పెరుగుతుంది. ప్రతి బియ్యపుగింజా మనిషి వీపు మీద వచ్చిందని గుర్తుంచుకుంటే ఆ ధర ఎక్కువనిపించదు. దాల్ భాత్ తీసుకుంటే అన్నం, పప్పు, కూర అడిగినన్నిసార్లు వడ్డిస్తారు కనుక పిజ్జాలు, నూడుల్స్ కంటే అదే మేలు. మేము తీసుకెళ్ళిన కందిపొడి, ఆవకాయ చివరి రోజు వరకూ వచ్చాయి. ఆవకాయ రుచి చూసిన వంటావిడ మాకు గుండ్రటి అక్బరే మిరపకాయల పచ్చడి గిన్నెడు ఇచ్చింది.

దిగడం రెండు రోజుల పని. చివరి రాత్రి ఝినూలో ఆగి, అరగంట కిందికి దిగి మోదీ ఖోలా ఒడ్డున వేడినీటి ఊటల్లో కూర్చుంటే పిక్కల నొప్పులు సగం వదిలాయి. ఊటల దగ్గర రద్దీ సాయంత్రం ఎక్కువ, పొద్దున్నే వెళ్ళడం నయం. మరునాడు దాదాపు 287 మీటర్ల పొడవైన వేలాడే వంతెన దాటి జీపు ఎక్కాము. గైడుకూ, ఇద్దరు కూలీలకూ ఇవ్వదలచిన బహుమానాన్ని సంస్థ ద్వారా కాకుండా, వంతెన ఇవతలే ఎవరిది వారి చేతిలో పెట్టాము. మొదటి రోజు మూడు సంచులూ ఎత్తుకున్న కుర్రవాడు తన నామ్లో పట్టీని చుట్టచుట్టి జేబులో పెట్టుకుని, మరునాడే ఇంకొక బృందంతో మళ్ళీ పైకి వెళ్ళాలని చెప్పాడు. ఈసారి ఎన్ని సంచులని మా అమ్మాయి అడిగింది. రెండే, ఈసారి ముందే అడిగాను అన్నాడు.