ఒక అధ్యాయం చేర్చడమా, చర్చనే మార్చడమా?

మత తత్వశాస్త్రం సిలబస్‌ను విశాలం చేయడానికి రెండు దారులున్నాయి. మొదటిది సులువు: ఆన్సెల్మ్, అక్వైనస్, హ్యూమ్ లాంటి పాశ్చాత్య తాత్వికుల పాఠాలు అలాగే ఉంచి, చివర్లో ‘ఇతర సంప్రదాయాలు’ అని ఒక అధ్యాయం కలపడం. విద్యార్థికి కొన్ని కొత్త పేర్లు తెలుస్తాయి, అంతే.

రెండోది మొదటి క్లాసు నుంచే అందరినీ ఒకే చర్చలోకి తేవడం. కుండకు కుమ్మరి ఉన్నట్టే లోకానికీ కర్త ఉండాలని నైయాయికులు, అంటే న్యాయ దర్శనం పండితులు, వాదించారు. కుండల దగ్గర చూసిన సంబంధాన్ని కొండలకు అంటగట్టలేమని 11వ శతాబ్దంలో బౌద్ధుడు రత్నకీర్తి ఖండించాడు. ఇలాంటి అభ్యంతరమే చెప్పిన హ్యూమ్‌కి ఎన్నో వందల ఏళ్ల ముందు! అలాంటివాణ్ణి చివరి అధ్యాయంలో పెట్టడం అన్యాయం.

మీమాంస దర్శనం పండితుడు కుమారిల భట్టు ఇంకా గట్టివాడు. జీవులే లేనప్పుడు దేవుడు ఎవరి మీద దయతో సృష్టి చేశాడని అడిగాడు. అయినా వేదమే ప్రమాణమన్నాడు. సృష్టికర్తను నమ్మడమే మతమనుకునే సిలబస్‌లో ఆయనకు చోటెక్కడ? మొదటి దారిలో ఈ ప్రశ్నే పుట్టదు.

రెండో దారిలో కష్టం ఉంది. అక్వైనస్‌కి క్లాసులు తగ్గుతాయి, మంచి అనువాదాలు వెతకాలి, టీచర్లు మళ్లీ చదువుకోవాలి. అయినా నా ఓటు దీనికే. నలుగురినే చదివినా సరే, వాళ్లు ఒకరికొకరు జవాబు చెప్పుకుంటున్నట్టు చదవాలి.