ఎక్స్‌టెండర్ చాలా, కేబుల్ లాగించాలా?

విశాఖ ఎంవీపీ కాలనీలో మా ఇల్లు రెండంతస్తులు, రౌటర్ కింద హాల్లో టీవీ పక్కన ఉంటుంది. పై గదికి వైఫై సరిగా అందేది కాదు, అక్కడ తమ్ముడికి ఆన్‌లైన్ క్లాసు మొదలైందంటే చాలు, ఫోన్ పట్టుకుని మెట్ల మీదకొచ్చి కూర్చునేవాడు.

ముందు ఎక్స్‌టెండర్ (వైఫై సిగ్నల్‌ని అందుకుని ఇంకొంత దూరం పంపే చిన్న పెట్టె) కొన్నాం. ప్లగ్గులో పెడితే పది నిమిషాల పని, గోడకి చిల్లు అక్కర్లేదు, అద్దె ఇల్లయితే నేనూ అదే కొనమంటాను. కానీ అది రౌటర్ సిగ్నల్‌ని గాలిలోనే అందుకుని మళ్లీ గాలిలోనే పంపాలి, ఈ రెండు పనులూ ఒకే బ్యాండ్‌లో (ఒకే ఫ్రీక్వెన్సీలో) చేసే రకమైతే వేగం దాదాపు సగానికి పడిపోతుంది. పైగా చాలామంది దాన్ని సిగ్నల్ రాని గదిలోనే పెడతారు (మేమూ అదే చేశాం). దానికే అందకపోతే మనకేం ఇస్తుంది? మెట్ల మలుపులోకి మార్చాక కాస్త నయమైంది.

కేబుల్ సంగతి వేరు. క్యాట్ 6 అనే నెట్‌వర్క్ వైరు 100 మీటర్ల దాకా గిగాబిట్ వేగాన్ని మోస్తుంది, మధ్యలో శ్లాబున్నా దానికి లెక్కలేదు. ఎలక్ట్రీషియన్ పాత కేబుల్ టీవీ పైపులోంచే వైరు లాగాడు, పైన యాక్సెస్ పాయింట్ (వైరులో వచ్చిన నెట్‌ని వైఫైగా ఇచ్చే పెట్టె) బిగించి, రౌటర్‌కున్న పేరూ పాస్‌వర్డే దానికీ పెట్టాం. వైరు డాబా మీదుగా వెళ్తే మాత్రం మన సముద్రపు గాలికి కనెక్టర్లు తుప్పు పడతాయి, మూతున్న బాక్సులో పెట్టించండి. ఖర్చు ఎక్కువే, ఒకరోజు దుమ్ము కూడా తప్పదు. అయినా సొంతిల్లయితే ఇంకేం ఆలోచించకుండా కేబులే లాగించండి.