నాంటన్‌కా, మూస్‌జాకా?

కెనడా ప్రెయిరీల్లో, అంటే గడ్డి మైదానాల ప్రాంతంలో, పాత రైళ్లు, పాత విమానాలు చూడాలంటే ఆల్బర్టాలోని నాంటన్‌కా, సస్కాచెవాన్‌లోని మూస్‌జాకా? విమానాలే ముఖ్యమైతే నా ఓటు నాంటన్‌కే. కాల్గరీలో బంధువుల ఇంటికొస్తే కారులో గంట దాటి కొంచెం, అంతే. ఊరు చిన్నదే అయినా బాంబర్ కమాండ్ మ్యూజియంలో రెండో ప్రపంచ యుద్ధం నాటి లాంకాస్టర్ బాంబర్ విమానం ఉంది, 1960లో ముగ్గురు స్థానికులు కొని ఊళ్లోకి తెచ్చుకున్నారు, ఇప్పటికీ ప్రత్యేక రోజుల్లో దాని ఇంజన్లు తిప్పుతారు, ఆ మోత ఒక్కసారైనా వినాలి. రైలు సంగతి మాత్రం నిరాశే: పట్టాలు ఎప్పుడో పీకేశారు, పట్టాల పక్కన కట్టిన ధాన్యం ఎలివేటర్లే (ధాన్యం నిల్వ చేసే ఎత్తైన గోదాములు) మిగిలాయి, వాటినీ ఊరివాళ్లు పట్టుబట్టి కాపాడుకున్నారు.

రైలే ముఖ్యమా? అయితే మూస్‌జా. రెజైనా నుంచి సుమారు 70 కిలోమీటర్లు, ఊరు పెద్దది, 1882లో కెనడియన్ పసిఫిక్ రైల్వే వల్లే పుట్టింది. గూడ్స్ బళ్లు ఇంకా తిరుగుతున్నాయి, ప్యాసింజర్ రైలు మాత్రం 1990 నుంచి లేదు, కాబట్టి కారు తప్పదు. వెస్టర్న్ డెవలప్‌మెంట్ మ్యూజియంలో ఇంజన్లు, విమానాలు రెండూ ఉన్నాయి, పిల్లలుంటే సగం రోజు గడిచిపోతుంది. కెనడా వైమానిక దళం వారి స్నోబర్డ్స్ విమాన విన్యాసాల జట్టు స్థావరం ఇక్కడే కదా అని వేసవిలో వెళ్తే కష్టం, ఆ నెలల్లో వాళ్లు ఎక్కువగా ఊరూరా ప్రదర్శనల్లోనే ఉంటారు.