పసరా, మాత్రా? మనిషికి, కుక్కకు, పిల్లికి ఏది మేలు?

అక్టోబరులో చెన్నైకి వానలు దిగాయంటే రెండు వారాల్లో బొప్పాయి ఆకుకు గిరాకీ మొదలవుతుంది. పిల్లాడికి డెంగీ అనగానే ఆకు దంచి రసం తీస్తారు. అదే వారం కుక్క తిండి మానేసి, దాని రక్తంలోనూ ప్లేట్‌లెట్లు పడిపోయాయని తేలితే మిగిలిన రసం దాని గిన్నెలోకి పోతుంది. పడిపోయిన లెక్క ఇద్దరికీ ఒకటే, పడిపోవడానికి కారణం వేరు. 'నాటు మందు మంచిదా, ఇంగ్లీషు మందు మంచిదా' అని గంపగుత్తగా అడిగితే ఎప్పటికీ తెగదు. జబ్బును బట్టి అడగాలి. మందు లేకపోయినా తగ్గే జబ్బేనా అన్నది మొదటి ప్రశ్న.

డెంగీ చాలామందికి తనంతట తానే తగ్గుతుంది. జ్వరం వచ్చిన మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య ప్లేట్‌లెట్లు అడుగంటి, ఆ తర్వాత వాటంతట అవే లేస్తాయి. ఐదో రోజు రసం మొదలుపెడితే ఏడో రోజుకు లెక్క పెరుగుతుంది, పేరు రసానికి దక్కుతుంది. బొప్పాయి ఆకు సారంతో చేసిన కొన్ని చిన్న పరీక్షల్లో లెక్క కాస్త ముందుగా లేచిన మాట నిజమే. అయితే డెంగీలో ప్రాణం మీదికి తెచ్చేది ముఖ్యంగా రక్తనాళాల్లోంచి ప్లాస్మా, అంటే రక్తంలోని నీటి భాగం, కారిపోవడం. దాన్ని ఆకు ఆపుతుందని ఎవరూ చూపలేదు. అది ఎక్కువగా జ్వరం దిగే రోజునే మొదలవుతుంది. 'జ్వరం పోయింది, గండం గడిచింది' అని ఇల్లంతా ఊపిరి పీల్చుకునే రోజన్నమాట. కడుపులో నొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ల నుంచి రక్తం, మగత, మూత్రం తగ్గడం – వీటిలో ఏది కనిపించినా ఆసుపత్రికి వెళ్లాలి.

తమిళనాడు ప్రభుత్వాసుపత్రుల్లో పంచే నిలవేంబు కషాయం మన నేలవేముదే. వట్టివేరు, చందనం, తుంగముస్తలు, శొంఠి, మిరియాలతో కలిపి తొమ్మిది సరుకులుంటాయి. తాగాలనుకుంటే తాగవచ్చు, కానీ వాంతి అవుతుంటే కషాయమూ వద్దు, ఆకు రసమూ వద్దు. రెండూ పరమ చేదు. ఆ వాంతి చేదు వల్ల వచ్చిందా, జబ్బు ముదిరి వచ్చిందా అన్నది డాక్టరుకు కూడా తెలియకుండా పోతుంది. పనిచేసేది చప్పటి వైద్యమే: లీటరు నీళ్లకు ఒక పెద్ద ఓఆర్‌ఎస్ పొట్లం, గుక్క గుక్కగా రోజంతా. జ్వరానికి పారాసిటమాల్, పెద్దవాళ్లకు 500 లేదా 650, మాత్రకూ మాత్రకూ ఆరు గంటల ఎడం. ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ ముట్టకూడదు, అవి రక్తస్రావాన్ని పెంచుతాయి.

కుక్క దగ్గరికి వస్తే కథ మారిపోతుంది. ఈ ఊళ్లో కుక్కకు ప్లేట్‌లెట్లు పడితే ముందు అనుమానించాల్సింది పిడుదుల జ్వరాన్ని (పిడుదుల్నే కొందరు గోమార్లంటారు). అందులో ముఖ్యమైనది ఎర్లీకియా. అది వైరస్ కాదు, తెల్ల రక్తకణాల్లో కాపురం పెట్టే బ్యాక్టీరియా. జబ్బు మొదటి విడత రెండు నుంచి నాలుగు వారాలు. ఆ తర్వాత చాలా కుక్కలు ఏ మందూ లేకుండానే లేచి తిరుగుతాయి, తింటాయి, తోక ఊపుతాయి. బొప్పాయి రసం ఇచ్చినవాళ్లు రసం వల్లనే అంటారు, హోమియో గుళికలు వేసినవాళ్లు గుళికల వల్లనే అంటారు. లోపల సూక్ష్మజీవి చావలేదు, దాక్కుంది. నెలలు, ఒక్కోసారి ఏళ్ల తర్వాత కొన్ని కుక్కల్లో ఎముక మజ్జను పట్టుకుని తిరిగి లేస్తుంది. ముక్కు నుంచి రక్తం కారుతూ వేపేరిలోని పశువైద్య కళాశాల ఆసుపత్రికి తెచ్చేసరికి డాక్టరు చేతిలో ఉండేది చాలా తక్కువ. నాటు వైద్యం 'పనిచేసినట్టు' కనిపించి ఇంత దారుణంగా దెబ్బతీసే జబ్బు పెంపుడు జంతువుల్లో మరొకటి చూపించడం కష్టం.

దీనికి మందు డాక్సీసైక్లిన్. కిలో బరువుకు రోజుకు 10 మిల్లీగ్రాములు, 28 రోజులు. 20 కిలోల కుక్కకు 200 అన్నమాట, అది డాక్టరు రాసివ్వాలి. తరచుగా ఒకటి రెండు రోజుల్లోనే కుక్క తేరుకుంటుంది. తప్పు జరిగేది అక్కడే: ఐదో రోజుకు తిండి పట్టిందని మాత్ర ఆపేస్తారు. రెండో తప్పు మాత్రను పెరుగన్నంలో కలపడం. పాలు పెరుగులోని కాల్షియం మందును కొంత పట్టేసుకుంటుంది. ఉత్త అన్నం ముద్దలో పెట్టి, వెంటనే నీళ్లు తాగించాలి. మాత్ర గొంతులో ఇరుక్కుంటే అక్కడ పుండు పడుతుంది. మూత్రం కాఫీ డికాక్షన్ రంగులోకి మారితే అది బబీసియా కావచ్చు, పిడుదులే అంటించే మరో జబ్బు, ఎర్ర రక్తకణాల్లో చేరే పరాన్నజీవిది. దానికి ఒక్క డాక్సీ చాలదు, రక్తాన్ని గాజు పలక మీద పరిచి మైక్రోస్కోపులో చూడాలి. ఇక వెల్లుల్లి పెడితే పిడుదులు రాలతాయన్న మాట ఎక్కడ పుట్టిందో గానీ, ఉల్లి, వెల్లుల్లి కుక్క ఎర్ర రక్తకణాలను పగలగొడతాయి. అసలే రక్తం తగ్గిన కుక్కకు అదో పోటు.

పిడుదులను ఆపడానికి వేపనూనె మేలా, మెడ మీద పోసే చుక్కల మందు మేలా, నమిలే మాత్ర మేలా? వేపనూనె వాసనకు పిడుదులు కాసేపు దూరంగా ఉంటాయి. అప్పటికే అతుక్కున్నవి రాలవు, కుక్క నాకితే వాంతి చేసుకుంటుంది. కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి రాయడం మాత్రం పూర్తిగా మానాలి. కర్పూరం ఒంట్లోకి పోతే కుక్కకైనా పసిపిల్లకైనా మూర్ఛ తెప్పిస్తుంది. ఫిప్రోనిల్ చుక్కల మందు నెలకోసారి. భుజాల మధ్య వెంట్రుకలు పాయ తీసి, చర్మం మీదే పిండాలి. ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం వద్దు. బొచ్చు మీద పోసి మర్నాడు షాంపూ పెట్టేసి 'మందు నకిలీది' అనేవాళ్లే ఎక్కువ. నమిలే మాత్రల్లో అఫాక్సొలానర్ నెలకు, ఫ్లూరాలానర్ సుమారు 12 వారాలకు. పిడుదు కరిచి రక్తం తాగాకే ఇవి దాన్ని చంపుతాయి కాబట్టి మాత్ర వేసిన రోజు కూడా పిడుదులు కనిపిస్తాయి, కంగారు పడక్కర్లేదు. మూర్ఛ వచ్చే కుక్కైతే ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. మూడింటిలో ఒకటే ఎంచుకోమంటే మాత్రే. స్నానంతో పోదు, ఇంట్లో పిల్లలు కుక్కను ముట్టుకున్నా చేతికి అంటదు.

ఏది వాడినా ఇల్లు చూడకపోతే సగం పనే. ఆడ పిడుదు కుక్క మీద నుంచి దిగి, గోడ నెర్రెల్లో, కర్టెన్ల వెనక వేలల్లో గుడ్లు పెడుతుంది. అతుక్కున్న దాన్ని చిమటాతో చర్మానికి ఆనించి పట్టి నిలువుగా లాగి, సబ్బునీళ్లలో వేయాలి. అగ్గిపుల్ల, కిరసనాయిలు వద్దు.

పిల్లికి పోలికే లేదు, కుక్క లెక్క పనికిరాదు. పారాసిటమాల్‌ను, టీ ట్రీ నూనె లాంటి ఘాటు నూనెలను విరగ్గొట్టే శక్తి పిల్లి కాలేయానికి బాగా తక్కువ. మనం వేసుకునే 500 మాత్ర ఒక్కటి చాలు పిల్లి చావడానికి. కుక్కల పిడుదుల కోసం అమ్మే పెర్మెత్రిన్ చుక్కలూ అంతే.

పచ్చకామెర్లకు నేల ఉసిరి అన్నది మనవాళ్లలో వేదవాక్కు. దీని వెనక చెన్నై పరిశోధన ఒకటుంది. 1988లో మద్రాసు పరిశోధకులు లాన్సెట్ పత్రికలో ఫలితాలు ప్రకటించారు. హెపటైటిస్ బి వైరస్ ఒంట్లో నిలిచిపోయినవాళ్లకు 200 మిల్లీగ్రాముల నేల ఉసిరి పొడి రోజుకు మూడుసార్లు, 30 రోజులు ఇస్తే 59 శాతం మందిలో వైరస్ గుర్తు మాయమైంది. ఉత్తుత్తి మందు వేసుకున్నవాళ్లలో 4 శాతమే. పసరు వైద్యాన్ని అసలైన పరీక్షకు నిలబెట్టిన పని అది, మెచ్చుకోవాలి. తర్వాత ఇతర దేశాల్లో చేసిన పరీక్షల్లో మాత్రం ఆ ఫలితం మళ్లీ రాలేదు. నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్ ఎ కామెర్లు సాధారణంగా కొన్ని వారాల్లో వాటంతట అవే పోతాయి. ఊళ్లలో కంట్లో పసరు పోసినా, చేతి మీద వాత పెట్టినా 'తగ్గడం' అందుకే. కాబట్టి మందు కంటే ముందు పరీక్ష: బిలిరుబిన్ (ఒంటిని పసుపెక్కించే పదార్థం), హెచ్‌బీఎస్ఏజీ (హెపటైటిస్ బి వైరస్ గుర్తు), రక్తం గడ్డకట్టే సమయం. ఒళ్లంతా దురద, మలం సున్నం రంగు ఉంటే పిత్తనాళం అడ్డుపడి ఉండొచ్చు, స్కానింగ్ తీయించాలి. వరద నీళ్లలో తిరిగిన కుక్కకు చిగుళ్లు పసుపెక్కితే అది ఎలుకల మూత్రం నుంచి వచ్చే లెప్టోస్పైరా అనే బ్యాక్టీరియా కావచ్చు. ఆ కుక్క మూత్రం నుంచి ఇంట్లోవాళ్లకూ అంటుతుంది. దానికి యాంటీబయాటిక్ తప్ప దారి లేదు, శుభ్రం చేసేవాళ్లకు చేతి తొడుగులు తప్పవు.

హోమియో గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. 30సి అంటే వందో వంతుకు పలచన చేయడం ముప్పై సార్లు. 12 సార్లు దాటేసరికే అసలు పదార్థం అణువు ఒక్కటైనా మిగలడం అనుమానం. 'కుక్కకు నమ్మకం ఉండదుగా, మరి దానికెలా తగ్గింది?' అంటారు. నమ్మకం యజమానికి ఉంటుంది. కీళ్లనొప్పి ఉన్న కుక్కలకు ఉత్తుత్తి మందు ఇచ్చి, కాలు ఎంత బరువు మోపుతోందో యంత్రంతో కొలిచిన 2012 నాటి అమెరికా పరిశోధనలో, దాదాపు 40 శాతం సందర్భాల్లో యజమానులు లేని మెరుగును చూశారు.

కుక్కకాటుకు ఎదురు మందు వెతకనే వద్దు. కారం, పసుపు, సున్నం పెట్టకుండా సబ్బుతో, పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడిగి అదే రోజు రేబిస్ టీకా. చర్మం తెగి రక్తం వస్తే ఇమ్యునోగ్లోబులిన్ (వైరస్‌ను అడ్డుకునే సిద్ధమైన యాంటీబాడీలు) కూడా.

పసరు ముందు వరుసలో నిలబడే చోటు ఒకటుంది, ఆవు పొదుగువాపు. తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం ప్రచారంలోకి తెచ్చిన ముద్దను పాడి రైతులు వాడుతున్నారు: కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు, ఏ రోజుది ఆ రోజే రుబ్బాలి. పొదుగు కడిగి, పాలు పూర్తిగా పిండేశాక, గుప్పెడు ముద్దను 150–200 మిల్లీలీటర్ల నీళ్లలో కలిపి పొదుగంతా రాయాలి, రోజుకు పదిసార్లు, ఐదు రోజులు. పనిచేస్తే పాలలో యాంటీబయాటిక్ మిగులు బాధ ఉండదు. సున్నం చేతి కొలతతో వేస్తే చర్మం కాలుతుంది, రెండుసార్లు రాసి ఊరుకుంటే పనిచేయదు. పొదుగు చల్లబడి నీలంగా మారినా, ఆవు జ్వరంతో మేత మానేసినా ముద్ద పక్కన పెట్టి అదే పూట డాక్టరును పిలవాలి.